ఖాళీ ఆకు

"నేను రానంటే రాను!"

ఆ కేక వీధి మొదటిదాకా వినబడిందండీ. అరిచింది సీతాపతిగారు, గృహప్రవేశం ఇంటివారికి పెదనాన్న. భోజనానికి లేవమని పిలవడానికి యజమాని తాను రాకుండా బావమరిదిని పంపాడట. అంతే, వెళ్ళి ఎదురింటి అరుగెక్కి కూర్చున్నారు.

ఇక్కడ పందిట్లో బంతి వేసి, అన్నం పప్పు వడ్డించేశారు. మొదటి ఆకు ఆయనది, ఖాళీ. పెద్దాయన కూర్చుని 'కానివ్వండి' అంటేగానీ ఆ బంతిలో ఎవరూ మెతుకు ముట్టరు. నా పక్కన భూషణం మాస్టారు, ఆ పక్కన ఆయన శిష్యురాలు సుభద్ర. ఇప్పుడు మా ఊరి బళ్ళో సైన్సు టీచరు. ఆకలికన్నా పెద్ద బాధే ఉంది ఆ అమ్మాయికి. పందిరికి కట్టిన రంగుబల్బుల దండకేసి చూపించింది.

"ఒక్క బల్బు మాడిందట మాస్టారూ, దండంతా ఆరిపోయింది. ఇంట్లో దీపాలు అలా ఆరవు కదా! నిన్న క్లాసులో పిల్లలు ఇదే అడిగారు. సూత్రాలు చెప్తే మొహమొహాలు చూసుకున్నారు. రేపూ ఇంతే అయితే నన్ను టీచరని ఎవరంటారు?"

మాస్టారు అడిగినదానికి తిన్నగా జవాబు చెప్పి ఎరగరు. "పప్పు చల్లారుతోంది" అన్నారు.

సుభద్రకి ఒళ్ళు మండింది. "చల్లారదూ మరి! ఒక్కాయన అలిగితే ఇంతమందిమీ చేతులు కట్టుకు కూర్చోవాలా?"

"వసారాలోకి చూడు."

అక్కడ ఇంటావిడ చుట్టూ పిల్లల్ని కూర్చోబెట్టుకుని ముద్దలు పెడుతోంది. ఎవరి ముద్ద వాళ్ళ చేతిలోకే నేరుగా. ఒక పిల్ల మూతి ముడుచుకుని అటు తిరిగింది. మిగతావాళ్ళు తింటూనే ఉన్నారు.

సుభద్ర వాళ్ళని చూసింది, మా బంతిని చూసింది, పైన దండని చూసింది. "ఈ బంతి ఆ దండ... ఆ పిల్లలు ఇంట్లో దీపాలు!" అని గొణుక్కుంది.

ఈలోగా వంటాయన గరిటెతోసహా వీధిలోకొచ్చి, "అయ్యా, తమరి అలక చల్లారేలోపు నా వంటంతా చల్లారేట్టుంది!" అని కేకేశాడు. యజమాని పరుగున వెళ్ళి బతిమాలాడు. సీతాపతిగారు గొణుక్కుంటూ వచ్చి ఖాళీ ఆకు ముందు కూర్చుని, "ఊఁ, కానివ్వండి" అన్నారు. ఆ చివర్నుంచి ఈ చివరిదాకా చేతులన్నీ ఒక్కసారే కదిలాయి.

"మాస్టారూ, అయితే రేపు పిల్లలకి..." అంది సుభద్ర.

పప్పన్నం కలుపుకుంటూ అన్నారాయన: "బంతి వెయ్యి. ఒక ఆకు ఖాళీగా ఉంచు."