గవరయ్య కాపలా కాసిన మందు

గొర్రెల పరిశోధన కేంద్రంలో గవరయ్యది కాపలా పని. తన తెలివంటే అతనికి మహా గురి. "చెప్పింది చెప్పినట్టు చేసేవాడే తెలివైనవాడు. ఆ లెక్కన ఈ జిల్లాకంతా మేం ముగ్గురమే" అనేవాడు. ముగ్గురంటే తను, పెళ్ళాం సన్యాసమ్మ, బావమరిది సూరప్పడు; వాళ్ళిద్దరి పనీ అక్కడే.

ఒకరోజు అక్కడి శాస్త్రవేత్త సుభాషిణి మేడమ్ చిన్న సీసా తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టింది. అడుగున చిటికెడు తెల్లపొడి.

"గవరయ్యా, ఇది కిస్‌పెప్టిన్ అనే మందు. చూడి కట్టని గొర్రెల మెదడును తట్టి, హార్మోన్లు విడుదల చేయిస్తుందేమో చూడాలి. ఏడాది ఎదురుచూస్తే వచ్చింది. కంటికి రెప్పలా చూసుకో. వెలుతురు తగలనివ్వకు. చల్లగా ఉంచు. భోంచేసి వస్తా."

"కంటికి రెప్పేం చేస్తుంది బావా?" అన్నాడు సూరప్పడు.

"తెరుచుకుంటుంది, మూసుకుంటుంది."

ఇంకేముంది! ఫ్రిజ్ తలుపు టపటపా తెరవడం, మూయడం. తెరిచినప్పుడల్లా లోపల దీపం వెలుగుతోంది.

"ఓలమ్మో, వెలుతురు తగులుతోందయ్యా!" సన్యాసమ్మ కేకేసింది. గవరయ్య ఉరికి మెయిన్ ఆపేశాడు. దీపం ఆరింది. ఫ్రిజ్జూ ఆగింది.

"మరి చల్లగా ఉంచమన్నారుగా?" అన్నాడు సూరప్పడు.

"దానికి నేనున్నాగా!" సన్యాసమ్మ సీసాను ఒళ్ళో పెట్టుకుని, చెంగు కప్పి, గుప్పెడు అక్షింతలు చల్లింది. "చల్లగా ఉండు నాయనా! పిల్లాపాపలతో నూరేళ్ళు చల్లగా ఉండు!"

మేడమ్ వచ్చేసరికి సీసా పసుపు పూసుకుని వెచ్చగా ఉంది.

"అమ్మో, నా గుండె జారిపోయింది!" అందావిడ. సూరప్పడు బల్ల కింద దూరి వెతికాడు.

"పొడిగా ఉంది కాబట్టి బతికిపోయాం. ఇక ఆలస్యం వద్దు. ఆ నల్లమచ్చ గొర్రెకు ఈ మందు ఎక్కించాలి. దాన్ని పట్టుకురండి, సూది తెస్తా." సీసా బల్లమీద పెట్టి మేడమ్ లోపలికి వెళ్ళింది.

ఎక్కించాలి! అంతే, గొర్రెను పట్టుకొచ్చి, సీసాను దాని వీపుమీదికి ఎక్కించారు. పడిపోతుందేమోనని గవరయ్య తలపాగా విప్పి కట్టాడు కూడా.

"సరిగ్గా కూర్చుందా?"

"పెళ్ళికొడుకులా కూర్చుంది బావా!"

గొర్రె బెదిరింది. ఒక్క గెంతు గెంతి గోడకేసి వీపు రాసింది. సీసా ఫటేలుమంది. తెల్లపొడి గాలికెగిరిపోయింది.

సూదితో వచ్చిన మేడమ్ నేలమీద కూలబడింది. "ఏడాది కష్టం! మళ్ళీ ఎప్పుడొస్తుందో ఏమో! మీతో వేగాలంటే నేను తల పట్టుకోవాల్సిందే!"

గవరయ్య మనసు చివుక్కుమంది. పాపం, చేతిలో సూది పెట్టుకుని తలెలా పట్టుకుంటుందీ మనిషి?

"మీకెందుకమ్మా శ్రమ, మేం లేమా!"

అంతే, ముగ్గురూ ఒక్కుదుటున వెళ్ళి ఆవిడ తల పట్టుకున్నారు.

"వదలండర్రా!" మేడమ్ గింజుకుంది.

"ఒరే సూరప్పడూ, గట్టిగా పట్టుకో! తల కదిలిపోతోంది!" అన్నాడు గవరయ్య.