బేగం ముట్టని గంజి

బేగం నాలుగు రోజులుగా ఏమీ ముట్టలేదు.

పొద్దున్నే నాగవేణి స్టోరుగది గొళ్ళెం తీసి చూసింది. గంజి పెట్టింది పెట్టినట్టే ఉంది. పైన తెట్టు కట్టింది. పిల్లి గిన్నె దగ్గర లేదు. తలుపు పలకల సందుకి ముక్కు ఆనించి కూర్చుని ఉంది. తలుపు తెరిచినా లేవలేదు. వీపు మీద చెయ్యి వేస్తే ఎముకలు తగిలాయి.

నాగవేణి ఉంటున్న దర్గా నాపరాళ్ళ గనులు దాటాక వచ్చే చిన్న గుట్ట మీద ఉంటుంది. చూసుకునేది దస్తగిరమ్మ. ఎనభై దాటిన మనిషి. వచ్చే పోయే వాళ్ళందరికీ అవ్వ. మనసు బాగాలేని వాళ్ళు ఆమె దగ్గరికి వచ్చి కొన్నాళ్ళుండి పోతుంటారు.

నాగవేణి వచ్చి ఏడు నెలలయింది. ఇంట్లో మొగుడున్నాడు, కొడుకున్నాడు. కూతురు ఇప్పుడు లేదు.

వచ్చిన రోజు, "మనసు నిలవడంల్యా అవ్వా. ఏదన్నా చెప్పు, చేసుకుంటా" అంది నాగవేణి.

"పిల్లుల్ని చూసుకో" అంది అవ్వ.

అంతే. జపం చెప్పలేదు, ధ్యానం చెప్పలేదు. నెల తర్వాత మళ్ళీ అడిగితే, "పిల్లులన్నీ తింటాండాయా?" అంది.

పిల్లులు మూడు. మోతీ నాలుగు పిల్లలకి పాలిస్తోంది. దానికి ఎంత పెట్టినా చాలదు. గుండు అనే గండుపిల్లి పీపాలా ఊరింది, మెట్లెక్కితే ఆయాసం. దానికి తగ్గించాలి. బేగం ముసలిది. పద్నాలుగేళ్ళు. దానికి మూత్రపిండాలు చెడ్డాయని నెల కిందట పశువుల డాక్టరు చెప్పాడు. ఎండుచేప వాసన కూడా తగలనీయొద్దన్నాడు. మాంసం వద్దు, ఉప్పు వద్దు. గంజి, కాస్త ఉడికిన గుడ్డు తెల్లసొన, నీళ్ళు ఎక్కువ.

చెప్పడం తేలిక. గురువారం వస్తే మొక్కున్నవాళ్ళు మాంసం వండి తెస్తారు. పిల్లులన్నిటికీ ఒకే సత్తుపళ్ళెంలో వేయడం అక్కడి అలవాటు. మోతీకి వేసింది గుండు మింగేది. బేగం గంజి వదిలేసి వాటి మధ్యలో తల దూర్చి ముక్క లాగేసేది.

పోయిన వారం నాగవేణి అంతా దారికి తెచ్చింది. మూడు గిన్నెలు, మూడు చోట్లు. మోతీకి అటక మీద, గుండు ఎక్కలేని చోట. గుండుకి పొయ్యి దగ్గర, చిన్న గరిటెతో కొలిచి. బేగంని స్టోరుగదిలో పెట్టి బయట గొళ్ళెం. అన్నీ తినేదాకా విసనకర్ర పట్టుకుని కాపలా.

"పిల్లులకి హాస్టలు పెట్టినావు గదక్కా" అని నవ్వింది వంట చేసే ఖాసింబీ. "నువ్వే వార్డెను. నా మొగుణ్ణి గూడా చేర్చుకో, వాడు గూడా ఎవురి పళ్ళెంలోదైనా తింటాడు."

నాగవేణికి నవ్వు రాలేదు. కానీ లోపల ఎక్కడో కొంచెం బాగనిపించింది. తిండి సంగతి తనకి తెలుసు. ఎవరూ నేర్పక్కర్లేదు.

ఆ మర్నాటి నుంచే బేగం తినడం మానేసింది.

డాక్టరుకి ఫోన్ చేయించింది. "ఇంకో రెండు రోజులు ఇట్లే ఉంటే బతకదమ్మా" అన్నాడు.

నాగవేణి గిన్నె పట్టుకుని అవ్వ దగ్గరికి వెళ్ళింది. అవ్వ అరుగు మీద కూర్చుని, సమాధి మీద కప్పే పాత చాదర్‌కి కుట్టు వేస్తోంది.

"బేగం తినడంల్యా అవ్వా."

"ఏం పెడ్తాండావు?"

"డాక్టరు చెప్పిందే. ఒక్క మెతుకు ఎక్కువ గాదు, తక్కువ గాదు."

"యాడ పెడ్తాండావు?"

"స్టోరుగదిలో. ఆ రెండిటి వాసన తగలకుండా గొళ్ళెం పెడ్తాండా."

"ఎవురుంటారు దానితో?"

"ఎవురుంటారవ్వా? పిల్లి గదా." గిన్నె ముందుకు చాపింది. "నేను తప్పేం చేసినా చెప్పు. కొలిచి పెడ్తాండా. వేళకి పెడ్తాండా. అప్పుడు గూడా అన్నీ కొలిచే..."

గిన్నె అరుగు మీద పెట్టేసింది.

అవ్వ సూది చాదర్‌కి గుచ్చి పక్కన పెట్టింది. చేయి చాపింది, లేపమన్నట్టు. లేచాక వంటింట్లోకి నడిచింది. కుండలో మిగిలిన బేగం గంజి రెండు గిన్నెల్లో పోసుకుంది.

"అవ్వా, దాంట్లో ఉప్పు లేదు."

"ఊఁ."

స్టోరుగదిలోకి వెళ్ళి, బియ్యం మూటకి ఆనుకుని నేల మీద కూర్చుంది. ఒక గిన్నె పిల్లి వైపు తోసింది. పిల్లిని పిలవలేదు, చూడలేదు. దానికి వీపు పెట్టి, రెండో గిన్నె ఒళ్ళో పెట్టుకుని తినసాగింది. పళ్ళు లేని నోరు. చప్పరిస్తూ, నెమ్మదిగా.

తలుపు వారగా వేసి, సందులోంచి చూస్తూ నిలబడింది నాగవేణి.

చాలాసేపు ఏమీ జరగలేదు. అవ్వ ఇంకో ముద్ద తింది. వేళ్ళు నాక్కుంది. బేగం లేచింది. వచ్చి అవ్వ వీపుకి ఒళ్ళు రాసింది. గిన్నె వాసన చూసింది. పోయి మళ్ళీ వచ్చింది.

తర్వాత గంజి నాకుతున్న చప్పుడు వినబడింది.

ఆ చప్పుడుకి నాగవేణి గడప మీద కూలబడింది.

కూతురు చందనకీ అంతే, మూత్రపిండాలే. ఉప్పు వద్దు, పప్పు వద్దు, నీళ్ళు కూడా కొలత ప్రకారం. పదహారేళ్ళ పిల్ల. ఒకరోజు మామిడికాయ పచ్చడి జాడీలో వేలు పెడుతూ దొరికింది. ఆ రోజు నుంచి నాగవేణి పిల్లనీ పళ్ళేన్నీ గదిలో పెట్టి, ఇంట్లో అందరి భోజనాలూ అయ్యేదాకా బయట గొళ్ళెం పెట్టేది. వాసన తగిలితే పిల్ల ఆగలేదని. పద్నాలుగు నెలలు ఒక్క పూట తప్పలేదు. ఇంత జాగ్రత్తగా చూసే తల్లిని చూడలేదని ఆసుపత్రిలో నర్సమ్మ అంది.

తలుపు అవతల నుంచి చందన రోజూ ఒకటే అడిగేది. "అమ్మా, నువ్వు తిన్నావా?"

"నాదేముందిలే, నువ్వు తిను" అనేది నాగవేణి.

అవ్వ గిన్నె ఖాళీ చేసి లేచింది. తలుపు దగ్గరికి వచ్చి, గడప మీద కూర్చున్న మనిషి భుజం పట్టుకుని నిలదొక్కుకుంది. తలుపు రెక్క మీద అరచెయ్యి వేసి తడిమింది.

"ఈ తలుపుకి లోపల గూడా గొళ్ళెముంది నాగవేణీ" అంది.

మళ్ళీ వెళ్ళి చాదర్ కుట్టుకోసాగింది.

మధ్యాహ్నం ఖాసింబీ పెద్ద పళ్ళేల్లో అన్నం కుమ్మరించింది. అక్కడ పళ్ళెం చుట్టూ నలుగురు కూర్చుని ఎవరి వైపుది వాళ్ళు తింటారు. నాగవేణి మాత్రం ఏడు నెలలుగా గిన్నెలో పెట్టుకుని తన గదికి పోయేది. అయినా ఖాసింబీ రోజూ పిలుస్తుంది, అలవాటు కొద్దీ.

ఆ రోజు నాగవేణి మోతీకి అటక మీద పెట్టింది. గుండుకి కొలిచి పెట్టింది. తర్వాత బేగం గంజి రెండు గిన్నెల్లో పోసుకుని స్టోరుగదిలోకి పోయింది. లోపలి గొళ్ళెం తుప్పు పట్టింది. రెండుసార్లు తోస్తే గానీ పడలేదు.

బియ్యం మూట పక్కన కూర్చుని, పిల్లికి వీపు పెట్టింది. గంజి నోట్లో పెట్టుకుంది.

మింగుడు పడలేదు. ఇంత చప్పగా ఉంటుందని ఆమెకి తెలియదు. చందనకి అన్ని నెలలు ఇట్లాగే ఉప్పు లేకుండా వండింది. ఒక్కసారి కూడా రుచి చూడలేదు.

వెనకాల బేగం అడుగులు. వీపుకి మెత్తగా ఏదో తగిలింది. గిన్నె కదిలిన చప్పుడు.

ఇంకో ముద్ద తీసుకుంది.

"అక్కా!" బయట నుంచి ఖాసింబీ కేక వేసింది. "నువ్వు తిన్నావా?"

నాగవేణి నోట్లోది మింగింది.

"తింటాండా" అంది. తలుపు అవతలికి వినబడనంత మెల్లగా.