బిళ్ళ మీద వెలుగు

పూర్వం ఒక రాజ్యంలో ఎడ్లబండ్ల లాంతర్లు ఎదుటివాళ్ళ కళ్ళలో కొట్టకూడదని కొత్త కట్టడి వచ్చింది. కోట గుమ్మం పక్కనున్న చీకటి కొట్టంలో జంబునాథుడనే అధికారి బండ్లను తనిఖీ చేసేవాడు. లాంతరు వెలుగు అతని ఛాతీ మీది ఇత్తడి బిళ్ళ మీద పడితేనే బండి కదలాలి.

ఒక సాయంత్రం ఎర్రప్ప తమలపాకుల బండి తోలుకొచ్చాడు. పీట మీద కూర్చున్న అధికారి ముఖాన వెలుగు పడింది.

"ఎత్తు ఎక్కువైంది, దించు."

ఎర్రప్ప దించాడు. సరిచూద్దామని అధికారి లేచాడు. వెలుగు పొట్ట మీద పడింది.

"తక్కువైంది, ఎత్తు."

ఎత్తేసరికి అధికారి మళ్ళీ కూర్చున్నాడు. "మళ్ళీ ఎక్కువైంది."

తప్పు లాంతరుదో తన చేతిదో ఎర్రప్పకు అంతుపట్టలేదు. ఇంకాసేపుంటే ఆకులు వాడిపోతాయి. ఈసారి అతను లాంతరును మధ్యస్థంగా కట్టేసి, అధికారినే చూస్తూ నిలబడ్డాడు. అధికారి చిరాకుగా లేవబోయాడు.

"అయ్యా, అలాగే ఉండండి. వెలుగు ఎక్కడ పడింది?"

సగం లేచిన అధికారి కిందికి చూసుకున్నాడు. "బిళ్ళ మీదే."

"అయితే నేను గుమ్మం దాటేదాకా కదలకండి. మీరు కూర్చుంటే నా లాంతరు ఎక్కువైపోతుంది, నిలబడితే తక్కువైపోతుంది."

అధికారి లాంతరును చూశాడు, వణుకుతున్న తన మోకాళ్ళను చూసుకున్నాడు. దేన్ని తిట్టాలో తోచలేదు.

"వెళ్ళు," అన్నాడు.

మర్నాటికల్లా ఆ బిళ్ళ కొట్టంలోని స్తంభానికెక్కింది.