కొబ్బరికాయకి ఒకటే మెత్తటి కన్ను

పిల్లలూ, సూటిగా అడుగుతున్నాను. రేపు తుపానొచ్చి కుళాయి ఆగిపోతే, కొట్లన్నీ మూసేస్తే, మీ ఇంట్లో తినడానికీ తాగడానికీ ఏముంది? ఫ్రిజ్ అనకండి. కరెంటు కూడా పోయింది.

ఆలోచిస్తూ ఉండండి. ఈలోపు ఒక కొబ్బరిచెట్టు సంగతి చెబుతాను.

ఒకప్పుడు కొబ్బరికాయ రేగిపండంత ఉండేది. పల్చటి తొక్క, లోపల ఓ విత్తనం. అంతే. పీచు లేదు, చిప్ప లేదు, నీళ్ళు లేవు.

సముద్రం ఒడ్డున ఇసుకలో ఓ కొబ్బరిచెట్టు ఉండేది. ఏటా తుపాను వచ్చి దాని పిల్లల్ని సముద్రంలోకి ఈడ్చుకుపోయేది. ఏదో ఒక ఒడ్డున మొలిచే ఉంటారులే అనుకునేది కొబ్బరి.

ఒక ఏడు నీటికాకి వచ్చి మట్ట మీద వాలింది.

"మీ పిల్లలు కనబడ్డారు వదినా."

"ఎలా ఉన్నారు?"

"లేరు. దాహంతో ఎండిపోయారు."

"చుట్టూ నీళ్ళే కదా!"

"ఉప్పునీళ్ళు," అంది నీటికాకి, రెక్కలు ఆరబెట్టుకుంటూ.

ఆ ఏడు తెగులు తగిలి కొబ్బరికి ఒక్కటే పిందె నిలిచింది. కొబ్బరి పిందెను చూసింది. సముద్రాన్ని చూసింది. "వీణ్ణి ఉత్తచేతులతో పంపను," అంది.

పక్కనున్న అరటి నవ్వింది. "ఎందుకే అంత హైరానా? తుపాను వచ్చినప్పుడు చూసుకుందాం."

"వచ్చినప్పుడు పరిగెత్తడానికి మనకి కాళ్ళున్నాయా అక్కా?"

అరటి కిందికి చూసుకుంది. లేవు. మాట మార్చేసింది. "పోనీ నాలాగా మెత్తటి గుజ్జు పెట్టు. పిల్లాడికి నోట్లో వేసుకుంటే కరిగిపోతుంది."

కొబ్బరి పెట్టింది. వారం తిరక్కుండా పులిసింది. "అమ్మా, కంపు," అన్నాడు లోపల్నించి పిల్లాడు.

అదంతా తీసేసి, ఈసారి తెల్లగా, గట్టిగా, నూనె నిండిన తిండి పెట్టింది. నెలలు గడిచినా పాడవనిది. ఇక నీళ్ళ పని మొదలుపెట్టింది.

సముద్రం నొచ్చుకుంది. "నీళ్ళెందుకమ్మాయ్ మోసుకెళ్ళడం? నేను లేనూ?"

"మీరున్నారనే మావయ్యా," అంది కొబ్బరి.

వేళ్ళతో ఇసుక అడుగున మంచినీళ్ళు వెతికి, అంత పొడుగు మాను గుండా చుక్కచుక్కే పైకి తోడింది. వేసవంతా అదే పని. పల్చటి తొక్కలోంచి నీళ్ళు కారిపోతుంటే చుట్టూ చిప్ప కట్టింది. దెబ్బ తగిలితే చిప్ప పగులుతుందని దాని మీద పీచు దట్టించింది. పీచు నానిపోతుందని పైన నున్నటి తొక్క చుట్టింది. చిన్న రంధ్రం కూడా మిగల్లేదు. పని ముగించేసరికి ఆకాశం నల్లబడింది.

అప్పుడు లోపల్నించి గొంతు వినిపించింది.

"అమ్మా, తిండి ఉంది. నీళ్ళున్నాయి. తలుపేది?"

కొబ్బరి కాయ చుట్టూ ఆకులతో తడిమి చూసింది.

"తలుపు పెట్టలేదుటే?" అంది అరటి.

"నీళ్ళు కారతాయని..."

"ఎంత జాగ్రత్త తల్లీ," అంది అరటి.

గాలి లేచింది. కొబ్బరి తొడిమ దగ్గర ఈనెతో పొడిచింది. చిప్ప అప్పటికే రాయిలా అయింది. పక్కన ఇంకోచోట పొడిచింది. అదీ రాయే. మూడోచోట మాత్రం ఇంకా పచ్చి ఆరలేదు. ఈనె దిగింది. నీళ్ళు కారకుండా పల్చటి పొర ఒక్కటి మిగిల్చి ఆపింది.

"నాన్నా, ఇటు నుంచి రా. ఒడ్డు తగిలేదాకా మాత్రం తల బయట పెట్టకు."

గాలి కాయను తెంపబోతుంటే చివరిసారి ఊపి విన్నది. నీళ్ళు గలగలమన్నాయి. అప్పుడు వదిలింది.

ఆ తుపానుకి అరటి పడిపోయింది. మొదట్లోంచి పిలక వేసి మళ్ళీ లేచింది. వచ్చే తుపాను సంగతి వచ్చినప్పుడు చూసుకుంటానంది.

మరుసటి ఏడు నీటికాకి వచ్చి వాలింది. ఈసారి కొబ్బరి ఏమీ అడగలేదు. అడగడానికి భయం.

"దూరంగా ఓ దీవిలో మీవాణ్ణి చూశాను వదినా," అంది నీటికాకే. "దారిలో సముద్రం 'దాహమా అబ్బాయ్?' అనడిగితే, 'వద్దు తాతయ్యా, తెచ్చుకున్నాను' అన్నాట్ట. కాయ లోపల తెల్లటి పువ్వులాంటి పరుపు వేసుకుని, తింటూ తాగుతూ కూర్చున్నాడు. ఇప్పుడు రెండాకులు."

"ఎటు నుంచి బయటికొచ్చాడు?"

"మెత్తటి కంట్లోంచి."

కొబ్బరి ఆ దీవి కనబడుతుందేమోనని సముద్రం మీదికి వంగి చూసింది. మళ్ళీ నిటారుగా నిలబడలేదు.

అప్పటినుంచే కొబ్బరికాయలో తిండీ నీళ్ళూ రెండూ ఉంటాయి. అప్పటినుంచే దానికి మూడు కళ్ళుంటాయి, అందులో ఒకటే మెత్తగా ఉంటుంది, మొక్క అటు నుంచే వస్తుంది. కొట్లో మీ అమ్మ కాయను చెవి దగ్గర పెట్టుకుని ఊపి వినేది కూడా అందుకే.

సరే, ఇక మీ ఇంటి సంగతి. ఇవాళే వెళ్ళి ఓ బిందెడు మంచినీళ్ళు మూతపెట్టి పక్కన ఉంచండి. అటుకులు, బెల్లం, వేయించిన వేరుశనగలు గట్టి డబ్బాలో పెట్టండి. ఆ డబ్బా మూత మీ చేతికి వస్తుందో లేదో, తుపాను రాకముందే ఓసారి తీసి చూడండి.