తలూపిన దుప్పి

అనగనగా ఒక కొండ అడవి. ఆ అడవిలో వరసగా మూడేళ్ళు వాన పడలేదు. వాగు ఎండింది, గడ్డి మాడింది. దుప్పులు చెట్ల బెరడు గీక్కుని తినే రోజులొచ్చాయి.

ఆ మందలో తంగేడు అనే తల్లి దుప్పి ఉండేది. దానికి బుడమ అనే ఒక్కగానొక్క పిల్ల. పిల్ల డొక్క ఎండిపోతుంటే చూడలేక, తంగేడు దేశం దాటి పోదామనుకుంది. తూర్పున సముద్రం ఒడ్డున మడ అడవి ఉందనీ, అక్కడ ఏడాది పొడుగునా ఆకు పచ్చగా ఉంటుందనీ వలస పిట్టలు చెప్పాయి.

మందలోని ముసలి దుప్పి వెళ్ళొద్దనలేదు. ఒక్క మాట మాత్రం చెప్పింది.

"అక్కడ మన మాట ఎవరికీ రాదమ్మాయ్. వాళ్ళ మాట నీకు రాదు. అర్థం కాకపోతే తల అడ్డంగా ఊపు. అది ఏ దేశంలోనైనా తెలుస్తుంది."

"అదేమన్నా బ్రహ్మవిద్యా తాతా? నేను చూసుకుంటాలే," అంది తంగేడు.

తంగేడు చెడ్డది కాదు పిల్లలూ. బిడ్డంటే దానికి ప్రాణం. కానీ దానికో జబ్బుంది. తనకు తెలియనిది ఒకటుందని ఎవరి ముందూ ఒప్పుకోదు. బిడ్డ ముందు అసలే ఒప్పుకోదు. మా పెద్దవాళ్ళలో చాలామందికి ఉన్న జబ్బే అది.

నడిచి నడిచి ఒక పొద్దున తల్లీపిల్లా మడ అడవి చేరాయి. చెట్ల మధ్య వెడల్పాటి కాలువ. అందులో నీళ్ళు లేవు, మెత్తటి బురద ఉంది. లేత కొమ్మలన్నీ కాలువలోకే వంగి ఉన్నాయి. రెండూ అందులోకి దిగి ఆబగా మేశాయి. ఎన్నాళ్ళకో బుడమ కడుపు నిండింది. తల్లి కళ్ళు చెమ్మగిల్లాయి.

ఇంతలో ఒక కొంగ వచ్చి వాలింది. ఆ దేశంలో సముద్రం రోజూ పొంగి కాలువల్లోకి వస్తుంది. దాన్ని పోటు అంటారు. ఇవాళ పొద్దు వాలేలోపు పోటు వస్తుందనీ, కాలువలో ఉండొద్దనీ కొంగ చెప్పింది. చెప్పి, తెలిసిందా అన్నట్టు మెడ వంచి చూసింది. తంగేడుకి అదంతా వట్టి కూతలా వినపడింది. అయినా గంగిరెద్దులా తలూపింది. కొంగ నమ్మి ఎగిరిపోయింది.

"అమ్మా, ఏమంది?" అని అడిగింది బుడమ.

"రండి రండి, బాగున్నారా అంటోంది," అంది తల్లి.

తర్వాత ఒక ఎర్ర పీత వచ్చింది. సముద్రం వైపు పటకారులాంటి ముందుకాలు చూపించి, గబగబా చెట్టెక్కి, మళ్ళీ దిగి ఇద్దరి వైపూ చూసింది. తంగేడు మళ్ళీ తలూపింది. పై కొమ్మల్లో ఆకు ఇంకా తియ్యగా ఉంటుందని చెబుతోందని బిడ్డకు కల్పించి చెప్పింది. అబద్ధం ఆడుతున్నానని దానికి అనిపించను కూడా లేదు.

మధ్యాహ్నం బుడమకు నిద్ర ముంచుకొచ్చింది. తంగేడు ఆకాశం చూసింది. మబ్బు తునక లేదు. కొండ మీద వాళ్ళకి నీళ్ళంటే పైనుంచే రావాలి కదా. ఇంకేం భయమనుకుని, కాలువలోనే నీడ చూసి పిల్లని పడుకోబెట్టింది.

అప్పుడొచ్చింది, నీళ్ళలో ఈది చేపలు పట్టుకునే నీటికుక్క. అదీ పిల్లల తల్లే. దాని పిల్లలు అప్పటికే ఎత్తుగా ఉన్న దిబ్బ మీదికి చేరాయి. తన వెంట దిబ్బ మీదికి రమ్మని అది మళ్ళీ మళ్ళీ చెప్పింది. నాలుగడుగులు వేసి, ఆగి, వెనక్కి చూసింది.

బుడమ లేచి దాని వెనకే నడవబోయింది. పసివాళ్ళకి తెలిసినట్టు నటించడం రాదు, అందుకని చూపించిన వైపు పోతారు.

తంగేడు అడ్డం వచ్చింది. "పరాయివాళ్ళ వెంట పోకూడదు నాన్నా."

"మరి ఏమంటోందమ్మా?"

"ఇక్కడే హాయిగా పడుకోండి అంటోంది."

అని, నీటికుక్క వైపు తిరిగి మర్యాదగా తలూపింది. ఈవిడకి అంతా తెలుసు, ఈత కూడా వచ్చేమో అనుకుని నీటికుక్క వెళ్ళిపోయింది. తెలియదంటే చెయ్యి పట్టి తీసుకుపోయేవాళ్ళుంటారు. తెలుసన్నవాళ్ళని ఎవరు పట్టుకుంటారు?

తల్లీపిల్లా నిద్రపోయాయి. పోటు చప్పుడు లేకుండా వచ్చింది. తంగేడు కళ్ళు తెరిచేసరికి కాలువ నిండుతోంది. ఒక్క దూకుతో ఒడ్డెక్కి పిల్లని పిలిచింది. బుడమ కాళ్ళు పొట్టివి. బురద వాటిని పట్టేసింది. తంగేడు మళ్ళీ నీళ్ళలోకి దూకి మూతితో నెట్టింది. ఎంత నెట్టినా కాళ్ళు ఊడి రాలేదు. ఆ అలజడికి నీటికుక్క ఈదుకుంటూ వచ్చి, గొంతు చించుకుని ఏదో చెప్పింది. బిడ్డని పక్కకి వాల్చమని చెబుతోంది అది. పక్కకి వాలిస్తే కాళ్ళు వదులవుతాయి.

నీళ్ళు బుడమ గొంతు దాకా వచ్చాయి.

"అమ్మా, ఇప్పుడేమంటోంది?"

"నాకు తెలియదు నాన్నా," అంది తంగేడు.

పుట్టి బుద్ధెరిగాక తంగేడు ఆ మాట అనడం అదే మొదటిసారి. నీటికుక్క మునిగి తనే లాగబోయింది గాని, దాని బలం చాలలేదు. కాసేపటికి, ఒడ్డుకి చేరిన తంగేడుకి కాలువ మీద నీళ్ళు తప్ప ఏమీ కనపడలేదు.

మర్నాడు నీళ్ళు తీశాక నీటికుక్క వచ్చి తంగేడుతో ఏదో అంది. తంగేడు తల అడ్డంగా ఊపింది. వెంటనే నీటికుక్క మాటలు మానేసింది. దగ్గరున్న చెట్టు మీద కాలు వేసి చూపించింది. మొదలు నుంచి దుప్పి మెడ ఎత్తు దాకా బురద చారిక ఉంది. పక్క చెట్టుకీ ఉంది. కాలువలో ఉన్న ప్రతి చెట్టుకీ ఉంది. తర్వాత తంగేడుని దిబ్బ మీదికి తీసుకుపోయింది. అక్కడ చెట్లకి చారిక లేదు.

చూపించడానికి పట్టిన సమయం ఒక ఆకు నమిలినంత. తంగేడు ఆ దిబ్బ మీద నిలబడి, ఖాళీ కాలువ వైపు చూస్తూ, తల అడ్డంగా ఊపుతూనే ఉండిపోయింది.

నీతి: తెలియదని చెప్పడం సిగ్గు కాదు. తెలియకుండా తలూపితే, దారి చూపడానికి వచ్చినవాళ్ళు కూడా వెళ్ళిపోతారు.