కొంరవ్వ దగ్గు

అనగనగా ఒక గుట్ట. గుట్ట కింద కంకర మిషను. మిషను దుమ్ములో ఓ ఊరు. ఏ కాలమంటారా? ఊళ్లో తెర కట్టి సినిమా ఆడించే కాలం అనుకోండి.

ఆ ఊళ్లో కొంరవ్వ అని ఓ ముసలామె ఉండేది. వయసంతా ఆ మిషను దగ్గరే రాళ్లు మోసి దగ్గు తెచ్చుకుంది. ఆ దగ్గుతోనే మొగుడు పోయాడు, కొడుకు పోయాడు. ఇప్పుడు మనవరాలు అదే పనికి పోతోంది. "దుమ్ముతోని ఎవనికీ ఏం గాలే" అనేవాడు మిషను దొర.

మొదట ఓ పెద్దమనిషి వచ్చాడు. మీ గోస పైకి చెప్తానన్నాడు. ఊరంతా నమ్మింది, కొంరవ్వ నమ్మలేదు. అతను మళ్లీ రాలేదు. తర్వాత ఫొటోలవాళ్లు వచ్చారు. మీ బొమ్మలు లోకమంతా చూస్తుందన్నారు. ఊరంతా నమ్మింది, కొంరవ్వ నమ్మలేదు. ఆ బొమ్మలు ఏ లోకం చూసిందో ఏమో! మూడోసారి కెమెరా భుజానేసుకుని రజిత అనే పిల్ల వచ్చింది.

"మా బొమ్మ తీస్కపోయి ఏం జేస్కుంటవు బిడ్డా?" అంది కొంరవ్వ, తలుపు సగమే తీసి.

"ఎక్కడికీ తీస్కపోను అవ్వా. న్యాయం కోసం తీసిన సినిమాలన్నీ తెచ్చి మీ ఊళ్లోనే పండుగ చేస్తం. దుమ్ము సంగతి తేల్చే ఆఫీసరు కూడా వస్తడు."

ఊరంతా నమ్మింది. కొంరవ్వ నమ్మలేదు. మనవరాలి మొహం చూసి మాత్రం కెమెరా ముందు కూర్చుంది.

పండుగ రానే వచ్చింది. ముందు వరసలో ఆఫీసరు. ఆయన పక్కనే దొర! ఇంతలో తెర మీద కొంరవ్వ పెదాలు కదిలాయి. గొంతు మాత్రం ఎవరిదో, తేనె పూసినట్టుంది. దొర ముసిముసిగా నవ్వుకున్నాడు.

కొంరవ్వ చరచరా వెళ్లి తెరకు అడ్డంగా నిలబడింది. "నోరు నాది. గొంతు ఎవలది?"

రజిత బిక్కచచ్చిపోయింది. "మాటమాటకూ దగ్గు అడ్డమొచ్చింది అవ్వా. వినేటోళ్లకు ఇబ్బందని వేరేవాళ్లతో చెప్పించినం. మాటలన్నీ నీవే."

"దగ్గు తీసేస్తే ఇంకేం మిగిలింది బిడ్డా? నేను చెప్పొచ్చిందే అది!"

అంటూనే దగ్గు అందుకుంది. ఆ మూల ఇంకొకరు దగ్గారు, ఈ మూల ఇంకొకరు. సినిమాకు అడ్డమని అంతదాకా కొంగులు నోట్లో కుక్కుకున్న ఊరు ఊరంతా దగ్గింది. ఆఫీసరు లేచి నిలబడ్డాడు. దొర నవ్వు ఆగిపోయింది.

మిషనుకు తాళం పడింది. ఆ చలికాలం దాటకుండానే కొంరవ్వ పోయింది. పాపం, మనవరాలి పెళ్లి కూడా చూడలేదు. ఆ పిల్ల మాత్రం దగ్గు ఎరగకుండా ముసలిదైంది.

ఇప్పటికీ అక్కడ ఏటా ఆ పండుగ జరుగుతుంది. ఎవరి మీద సినిమా తీస్తే ముందు వాళ్లకే చూపిస్తారు. సినిమా ఆడుతుండగా ఎవరైనా దగ్గితే ఉష్ అనరు. సినిమా ఆపేస్తారు. దగ్గు ఆగేదాకా వింటారు. తర్వాతే మళ్లీ వేస్తారు.