గవరయ్య వేయించిన రెండో దండోరా

అనగనగా, తెల్లదొరల కాలంలో, కాలవ గట్టున ఒక బస్తీ. ఆ బస్తీలో ఒక బజారు. ఆ బజారులో ఎదురెదురుగా రెండు కొట్లు. ఊ కొడుతున్నారా? కొట్టండర్రా, లేకపోతే నాకే నిద్రొస్తుంది.

ఒక కొట్టు గవరయ్యది. శొంఠి, పిప్పళ్ళు, మిరియాలు, కరక్కాయలు అమ్మేవాడు. శొంఠి లేహ్యం మాత్రం తనే స్వయంగా పాకం పట్టి జాడీకెత్తేవాడు. తిన్నది అరక్కపోతే ఉసిరికాయంత నోట్లో వేసుకుంటే చాలు, కడుపు తేలికయ్యేది. ఆయన కొడుకు సరుకు కోసం సంతలెంట తిరిగేవాడు. కొట్లో సాయానికి కోడలు పేరిందేవి ఉండేది. దొరసానమ్మల బళ్ళో నాలుగు తరగతులు చదువుకున్న పిల్ల. ఆడపిల్లకి చదువేమిటని ఊరు ఊరంతా బుగ్గలు నొక్కుకున్న రోజులవి.

రెండో కొట్టు లింగమూర్తిది. కొత్తగా పెట్టాడు. సీసాల్లో ఎర్రటి మందు, దాని పేరు సర్వరోగ సంజీవి! ఎద్దుబండికి కాగితం పూలు కట్టించి, ముందు సన్నాయి వాయించి, బండి మీద నిలబడి అరిచేవాడు: "జ్వరానికి చెంచా, జలుబుకి చెంచా, బట్టతలకి చెంచా, అత్తగారి కోపానికి రెండు చెంచాలు!" నవ్వకండి, మా మేనత్త కూడా కొనుక్కుందట. ఆవిడ అత్తగారు మాత్రం ఏమీ మారలేదు.

అంతే, జనమంతా అటే. గవరయ్య ఈగలు తోలుకుంటూ కూర్చున్నాడు. వారం చూశాడు, నెల చూశాడు. చివరికి ఉక్రోషం పట్టలేక అచ్చాఫీసుకెళ్ళి పచ్చ కాయితాలు వేయించుకొచ్చాడు. డప్పు కొట్టించి దండోరా కూడా వేయించాడు. గవరయ్య లేహ్యం తింటే పక్షవాతం పోతుందట, ఉబ్బసం పోతుందట, ఎంతటి జ్వరమైనా మూడు పూటల్లో పారిపోతుందట!

పేరిందేవి ఆ కాయితం చదివి, తలుపు చాటునించే నెమ్మదిగా అడిగింది.

"మావగారూ, మన లేహ్యం అరుగుదలకే కదండీ?"

"ఆ ఎదురుకొట్టువాడు అరవడం లేదటమ్మా? ఊరంతా అబద్ధం కొనుక్కుంటుంటే, నేనొక్కణ్ణీ నిజం పట్టుకుని కూర్చోనా?" అన్నాడాయన.

లేహ్యం బాగానే అమ్ముడైంది. జాడీ మీద జాడీ ఖాళీ అయ్యింది. గవరయ్య మొహంలోకి కళొచ్చింది.

నాలుగో నాడు మిట్టమధ్యాహ్నం నూకాలని ఒక తల్లి వచ్చింది. ఆమడ దూరం నడిచొచ్చిందట, కాళ్ళు బొబ్బలెక్కాయి. భుజం మీద ఆరేళ్ళ కూతురు. ఒళ్ళు పెనంలా కాలిపోతోంది, పిల్లకి కళ్ళు తెరిచే ఓపిక లేదు. నూకాలు చేతిలో చెమటకి తడిసిన పచ్చ కాయితం.

"పెద్దాసుపత్రికే పోతన్నామండి. దారిలో పంతులుగారు ఈ కాయితం సదివి ఇనిపించారు. సూదులూ కోతలూ ఎందుకులే అని ఇటొచ్చేశాం. ఆ మందు ఇప్పించండి బాబూ, నా పిల్ల బతకాల."

గవరయ్య జాడీ మూత మీద చెయ్యి వేశాడు. వేసిన చెయ్యి వేసినట్టే ఉండిపోయింది. పేరిందేవి తలుపు చాటు వదిలి బజారందరూ చూస్తుండగా ముందుకొచ్చింది. ఒక్క మాటే అంది: "చెప్పండి మావగారూ."

గవరయ్య కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అమ్మా, ఈ కాయితంలో ఉన్నది అబద్ధం. రాయించింది నేనే. ఇది జ్వరానికి పనిచెయ్యదు తల్లీ. ఆసుపత్రికే పద," అన్నాడు.

ఎలా పోవడం? ఎర్రటి ఎండ. ఎక్కడా బండి లేదు. ఎదురుకొట్లోంచి లింగమూర్తి అంతా చూస్తూనే ఉన్నాడు. తనకీ అంత కూతురే ఉందేమో, ఒక్క గెంతున లేచి తన పూలబండి తోలుకొచ్చాడు. కాగితం పూల మధ్య పిల్లని పడుకోబెట్టారు. లింగమూర్తి పగ్గాలు పట్టాడు, గవరయ్య గొడుగు పట్టాడు, పేరిందేవి తడిగుడ్డ నుదుట వేస్తూ కూర్చుంది. సన్నాయి లేదు, అరుపులు లేవు. ఆ బండి అలా నిశ్శబ్దంగా పోతుంటే బజారంతా లేచి నిలబడిందట.

ఊ కొట్టరేం? భయపడకండి, పిల్ల బతికింది. పదకొండు రోజులకి లేచి, గంజి వద్దు, చేపల పులుసు కావాలని పేచీ పెట్టిందట.

గవరయ్య మళ్ళీ డప్పు కొట్టించాడు. ఈసారి దండోరా ఏమనుకున్నారు? "గవరయ్య లేహ్యం అరుగుదలకి మంచిది. జ్వరానికి పనికిరాదు. ఉబ్బసానికి పనికిరాదు. పక్షవాతానికి అసలే పనికిరాదు. మొన్న చెప్పింది తప్పు, మన్నించండి." సొంత సరుకుని తనే తీసిపారేసే వర్తకుణ్ణి ఎవరైనా చూశారా? జనం పొట్ట పట్టుకుని నవ్వారు. గవరయ్య సిగ్గుతో మూడు రోజులు కొట్టు తెరవలేదు.

నాలుగో నాడు పేరిందేవే వెళ్ళి తలుపులు తీసి, మావగారిని తెచ్చి కూర్చోబెట్టింది. మొదట ఎవరొచ్చారో తెలుసా? లింగమూర్తి! అటూ ఇటూ చూసి, అరుగు మీద కూర్చుని, గొంతు తగ్గించి చెప్పాడు.

"గవరయ్యగారూ, నా సీసాలో ఉన్నది బెల్లం నీళ్ళూ, ఓమం, కాస్త రంగేనండీ. నిన్న పెళ్ళిభోజనం చేసొచ్చాను, కడుపు ఒకటే నొప్పి. తమ లేహ్యం కొంచెం పెట్టించండి."

గవరయ్యకి ఎన్నాళ్ళకో నవ్వొచ్చింది. దగ్గర కూర్చోబెట్టుకుని పెట్టాడు. ఆ తరవాత లింగమూర్తి సీసాల మీద "ఓమం నీళ్ళు" అనే రాయించాడు. రెండు కొట్లూ చల్లగా సాగాయి. పసిపిల్లల తల్లులు మాత్రం ఏ మందు కొనాలన్నా ముందు పేరిందేవినే అడిగేవాళ్ళు.

అందుకే చెబుతున్నానర్రా, మీరు పెద్దయ్యాక ఏం అమ్ముకున్నా సరే, భయంతో వచ్చినవాళ్ళకి మాత్రం ఉన్నదున్నట్టు చెప్పండి. కథ కంచికి బయల్దేరింది, మీరిక దుప్పట్లోకి బయల్దేరండి.